నదీతీర గులకరాతి నేలలు – స్వభావం, యాజమాన్యం

రాయలసీమలో పెన్నా, పాపాఘ్ని, చిత్రావతి, చెయ్యేరు నదుల ఒడ్డున వరదలు మోసుకొచ్చిన ముతక ఇసుక, గులకరాళ్లతో ఏర్పడిన నేలలు కనిపిస్తాయి. వరద ఉద్ధృతి తగ్గగానే రాళ్లు, ముతక ఇసుక ముందుగా దిగిపోతాయి. సన్నని బంకమట్టి నీటితోపాటు దూరం సాగుతుంది. అందుచేత ఏటి ఒడ్డు పొలానికి, దానికి రెండు ఫర్లాంగుల ఆవల ఉన్న పొలానికి పోలిక ఉండకపోవచ్చు.

ముతక ఇసుక నేల ఒక మీటరు లోతున పైరుకు అందే నీటిని సుమారు 60 నుంచి 80 మిల్లీమీటర్లు మాత్రమే నిలుపుకోగలదు. రాళ్లు నీటిని దాదాపు పట్టుకోవు. ఘనపరిమాణంలో 40 శాతం రాళ్లుంటే ఆ 80 కాస్తా 48కి తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల వేళ్ల లోతుకు లెక్కిస్తే మిగిలేది 29 మిల్లీమీటర్లే. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్లు ఖర్చయితే ఐదు రోజులకు నిల్వ అడుగంటుతుంది. సగం ఖర్చు కాకముందే, అనగా రెండు మూడు రోజులకొక తడి ఇవ్వక తప్పదు. బిందు సేద్యం ఇచ్చట అత్యంత అనుకూలం.

నీరు నిలవకపోవడం లోపమే కాదు. వేరుకుళ్లు బెడద తక్కువగా ఉంటుంది, భూగర్భ జలం త్వరగా ఊరుతుంది. ఏటి ఇసుకలో తవ్విన ఊట కాలువలు ఈ గుణంపై ఆధారపడినవే. అయితే నీటితోపాటు నత్రజని కూడా దిగిపోతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రమాణం దృష్ట్యా, ఎరువును ఒకేసారి గాక పలు దఫాలుగా వేయడం బావులకూ క్షేమకరం.

భూసార పరీక్షలో తరచుగా విస్మరించే అంశం ఒకటున్నది. ప్రయోగశాలలో 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి రాళ్లను తీసివేస్తారు. ఫలితం సన్నమట్టికే వర్తిస్తుంది కనుక రాళ్ల శాతం నమోదు చేయకుంటే పొలంలోని పోషకాలను ఎక్కువగా అంచనా వేసినట్లవుతుంది.

పశువుల ఎరువు, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట, చెరువు మట్టి ఈ నేలల తేమశక్తిని పెంచుతాయి. ఎకరానికి ఒక సెంటీమీటరు మందాన చెరువు మట్టి పరచడానికి సుమారు 40 ఘనపు మీటర్లు కావలెను. తోలకముందు ఆ మట్టిలో చౌడు లేదని పరీక్షించుకోవాలి.

2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువన రాజంపేట మండలంలోని పొలాలు ఇసుక మేటల కింద పడ్డాయి. పలుచని మేటను లోతు దుక్కితో పాతమట్టిలో కలపవచ్చును. ఇరవై సెంటీమీటర్లు మించితే తొలగించడమే మార్గం. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, మేట మందం 3 అంగుళాలు మించినట్లు అధీకృత అధికారి ధ్రువీకరిస్తే చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు రూ.18,000 సహాయం నిర్దేశించారు. మేటను తొలగించిన పిమ్మట మందం కొలిచే వీలుండదు. కావున ఇటువంటి సందర్భాలలో యంత్రాలు పొలంలోకి దిగకముందే కొలతలు తీసి నమోదు చేయవలసి ఉంటుంది.