యోహాను పదిహేడు, మా ఇంటి రెండు మిషన్లు

మా ఇంట్లో రెండు బైబిళ్ళు ఉన్నాయి. ఒకటి అవ్వది, తెలుగు పరిశుద్ధ గ్రంథము. ఇంకొకటి నాది, కన్నడ సత్యవేద. నేను బళ్ళారిలో కన్నడ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూర్చుని ఆమె బైబిల్లోనే నేర్చుకున్నా. అందుకే నా తెలుగు సగం గ్రంథం తెలుగు, సగం బళ్ళారి తెలుగు. తప్పులుంటే పెద్దవాళ్ళు మన్నించాలి.

అవ్వ పోయిన తర్వాత ఆ పుస్తకం తెరిచి చూస్తే అన్నిటికన్నా నలిగిన పేజీ యోహాను సువార్త పదిహేడో అధ్యాయం. అంచుల్లో పెన్సిల్‌తో పేర్లు. మా నాయన పేరు, చిన్నాయన పేరు, మేనత్త పేరు, కింద మా పిల్లల పేర్లు. అందరికన్నా ఎక్కువసార్లు ఉన్నది తాత వాళ్ళమ్మ పేరు. ఆ ముత్తవ్వను నేను చూడలేదు. ఆమె పేరే ఎందుకన్ని సార్లు రాసిందో తెలియాలంటే మన మిషన్ల కథ కొంచెం చెప్పుకోవాలి.

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరు ఏ సంఘమో చాలా వరకు ఊరే నిర్ణయించింది. మిషన్లవాళ్ళు ఒకరి పొలంలో ఇంకొకరు దిగకుండా జిల్లాలు పంచుకున్నారు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు. మచిలీపట్నంలో 1841 నుంచి ఆంగ్లికన్లు. మెదక్‌లో మెథడిస్టులు. విశాఖపట్నం, కడప, బళ్ళారి లండన్ మిషన్‌వి. జర్మనీలోనో ఇంగ్లండులోనో ఎప్పుడో జరిగిన తగాదా ఒంగోలు రైతు కూలీకి ఏం తెలుసు? ఆయన బాప్టిస్టు అయింది ఒంగోలులో పుట్టినందుకు, అంతే.

బళ్ళారికి జాన్ హ్యాండ్స్ 1810లో వచ్చాడు. అప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, వీధిలో తెలుగు, కన్నడ రెండూ నడిచేవి, ఇప్పుడూ నడుస్తాయి. కన్నడ బైబిలు మొత్తం 1831 నాటికి ఇక్కడే అచ్చయింది. తెలుగుకు ఆలస్యమైంది. బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసులో కూర్చుని 1730ల నాటికే తెలుగులో అనువాదం చేసినా అది అచ్చుకాలేదు. విశాఖలో మొదలైన పనివల్ల కొత్త నిబంధన 1818లో వచ్చింది, పూర్తి బైబిలు 1854లో. ఒక విషయం గమనించండి. మిషన్లు వేరైనా తెలుగులో బైబిలు మాత్రం అందరికీ ఒక్కటే అయింది. బాప్టిస్టు ఇంట్లో, లూథరన్ ఇంట్లో, లండన్ మిషన్ ఇంట్లో అవే మాటలు కంఠతా పట్టారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కూడా అంతే. ఆయన పుట్టింది పర్లాకిమిడి దగ్గర, బాప్తిస్మం పొందింది కటకంలో 1833లో. ఒడిశా వైపున్న మన బంధువులు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. కమిటీలు కలవకముందే పాటలు కలిశాయి.

కమిటీల సంగతికొస్తే, 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది సంఘ పెద్దలు కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అధ్యక్షుడు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తమిళుడు, తిరునెల్వేలి జిల్లావాడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. మనం తెలుగు పట్టుకుని బయటికొచ్చినవాళ్ళం, ఆయన తమిళం వదలకుండా తెలుగులోకి వచ్చినవాడు. బాప్తిస్మం పొందినవాళ్ళు తమ తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలని ఆయన నేర్పేవాడు. చదువు రాని పల్లెవాడికి వాక్యం ప్రార్థన అయ్యేది అట్ల.

తరంగంబాడి ప్రకటనలో ముఖ్యంగా చెప్పింది రెండు సంగతులు. ఈ విభజనలు మేం చేసుకున్నవి కావు, బయటినుంచి మామీద పడ్డవి. కలవడం మాకు నచ్చిన పని అని కాదు, అందరూ ఒకటిగా ఉండాలని ప్రభువే ప్రార్థించాడు. ఈ రెండోది యోహాను పదిహేడే. ఆ అధ్యాయంలో 26 వచనాలు, మొత్తం ప్రార్థనే. ముందు యేసు తన గురించి, తర్వాత శిష్యుల గురించి, 20వ వచనం నుంచి ఇంకా పుట్టని విశ్వాసుల గురించి తండ్రిని అడుగుతాడు. అంటే మన గురించి.

కానీ ప్రార్థన వేరు, పని వేరు. 28 ఏళ్ళు పట్టింది. చిక్కంతా బిషప్పుల దగ్గర. బిషప్పు చెయ్యి పెట్టని పాదిరి పాదిరేనా అని ఆంగ్లికన్ల అనుమానం. మా పాదిర్లకు మళ్ళీ అభిషేకం ఎందుకని మిగతావాళ్ళ పట్టుదల. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఒక్కొక్క ముక్క విడిగా బాగానే పనిచేస్తుంది, అన్నీ కలిపిన రోజే అసలు తప్పులు బయటపడతాయి. ఇదీ అట్లాంటిదే. చివరికి ఉన్న పాదిర్లను ఉన్నట్టే ఒప్పుకుని, ఇకమీద అభిషేకాలన్నీ బిషప్పుల చేత అన్నారు. ఏ సంఘానికీ ఇష్టంలేని పాదిరిని రుద్దమని మాటిచ్చారు. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. సుమారు పది లక్షల మంది. బిషప్పులున్న సభ, లేని సభ కలిసి ఒకటవడం అదే మొదలు. అజరయ్య గారు మాత్రం చూడలేదు. 1945 జనవరి 1న పోయారు.

ఆయన సొంత దోర్నకల్ అధ్యక్షమండలంలోనే నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది చేరమన్నారు, 1970ల దాకా బయటే ఉన్నారు. బాప్టిస్టులు, లూథరన్లు ఈ రోజుకీ చేరలేదు. వాళ్ళను తప్పుపట్టను. చంటిబిడ్డకు బాప్తిస్మం చెల్లదని మనసారా నమ్మినవాడు సంతకం ఎట్ల పెడతాడు?

ఇక మా ఇల్లు. అవ్వ ఒంగోలు వైపు బాప్టిస్టు పిల్ల, నర్సుగా బళ్ళారి వచ్చింది. తాత లండన్ మిషన్ ఇంటివాడు, రైల్వేలో పని. 1954లో పెళ్ళి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడాది. ముత్తవ్వ ఏడాది పాటు కోడలు వండింది ముట్టలేదు. అడిగినవాళ్ళకు, ఆ పిల్ల బాప్టిస్టు, మన పద్ధతులు తెలియవు అని చెప్పేదంట. పద్ధతులు కాదు సంగతి. ఒంగోలు సంఘం మాదిగల్లో పుట్టింది, మావైపు సంఘాలు ఎక్కువగా మాలల్లో. మిషన్ పేరు చెబితే కులం పేరు చెప్పినట్టే, కానీ మర్యాదగా. మన ఇళ్ళల్లో ఇది అందరికీ తెలుసు, ఎవరూ రాయరు. నేను రాస్తున్నా.

విచిత్రమేమంటే ఆదివారం ఇద్దరూ ఒకే గిన్నెలో ప్రభువు రాత్రి భోజనం తీసుకునేవాళ్ళు. 1950లో తయారైన కొత్త ఆరాధన క్రమంలో సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న ఒక పద్ధతి ఉంది. సమాధానం ఒకరి అరచేతుల్లోంచి పక్కవాళ్ళ అరచేతుల్లోకి వరుసగా పోతుంది. అవ్వ పక్కన కూర్చునేది అత్తే. చెయ్యి తాకేది. ఇంటికొచ్చి ఆమె చేతి అన్నం తినేది కాదు.

అవ్వ ఎదురు మాట్లాడలేదు. రాత్రి దీపం దగ్గర పదిహేడో అధ్యాయం తీసి, ఒక వచనం చదివి, కళ్ళు మూసుకుని, అదే మాటను పేర్లు పెట్టి తిరిగి చెప్పేది. ఎవరూ నేర్పలేదు, ఒంగోలులో వాళ్ళ నాయన చేసేది చూసి నేర్చుకుందంట. అందరూ ఒకటి కావాలన్న చోట ముత్తవ్వ పేరు. ఆ రోజు తారీఖు. ఇప్పుడు లెక్కపెడితే ఆ పేరు నలభై ఒక్కసారి.

ప్రార్థన వల్ల ముత్తవ్వ మారిందా అంటే, నాకు తెలిసింది ఇంతే. 1956లో నాయన పుట్టినప్పుడు అవ్వకు జ్వరం ఎక్కి లేవలేకపోయింది. ముత్తవ్వే గంజి కాచి తాగించి, మిగిలింది అదే గిన్నెలో తాను తాగింది. తర్వాత దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించే విషయంలో మాత్రం అవ్వ ఒప్పుకోలేదు, తాత ఇప్పించాడు, అవ్వ ఆ ఆదివారం ఇంట్లోనే ఉండిపోయింది. పదహారేళ్ళకు నాయన ఒంగోలు పోయి నీళ్ళల్లో మునిగి వచ్చాడు. తాత మూడు నెలలు మాట్లాడలేదు. ఆ మూడు నెలల తారీఖులూ అంచున ఉన్నాయి, ఈసారి తాత పేరుతో.

చివరి రెండేళ్ళు అవ్వకు కళ్ళు కనిపించలేదు. చదవమనేది. నా తెలుగు చదువు మరీ నెమ్మది, అందుకని కన్నడ సత్యవేదలో చదివేవాణ్ణి. ఆమె ప్రభువు అనేచోట నాది కర్తను, ఆమె పరిశుద్ధాత్మ నాకు పవిత్రాత్మ. నేను కన్నడలో వచనం చదివితే ఆమె తెలుగులో పేర్లు చెప్పేది.

హొసపేట, గుంతకల్లు, బెంగళూరులో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో పాత తెలుగు బైబిలు ఉంటే మొదటి పేజీలో ఏ సంవత్సరం, ఎక్కడ అచ్చయిందో చూడండి. పదిహేడో అధ్యాయం అంచులు కూడా చూడండి. అవ్వ చెల్లెలి దగ్గర ఇట్లాంటిదే ఒకటి ఉండేదని విన్నా. అది ఎవరి ఇంట్లో ఉందో తెలిస్తే చెప్పండి, వచ్చి చూస్తా.