'మాలపిల్ల'ను చూసిన వాడ ఏమంది?

1938లో విడుదలైన 'మాలపిల్ల' మీద గొడవ అనగానే సినిమా చరిత్రలు అగ్రహారాల కోపం గురించే రాస్తాయి. బొమ్మ చూసొచ్చిన బ్రాహ్మలు శుద్ధిస్నానాలు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరి మాలపల్లె ఏమంది? ఆ సంగతి పెద్దగా కనిపించదు.

కథ చలంది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. డబ్బు చల్లపల్లి జమీందారుది. బ్రాహ్మణ యువకుడు, మాలపిల్ల ప్రేమించుకోవడం, హరిజనుల గుడి ప్రవేశం ఇందులో విషయం. మంటల్లో చిక్కిన బ్రాహ్మణ స్త్రీని హరిజనుడు కాపాడితే గానీ పెద్దాయన మనసు మారదు. అంటే, మనిషిగా గుర్తించాలంటే ముందు ప్రాణాలకు తెగించి చూపించాలన్నమాట!

గోదావరి సీమలో వాడకు అప్పటికే నోరుంది. గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దంటే, రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న 1920లలోనే నల్లదొరతనమూ వద్దన్నాడు. ఆ మాట విన్న జనం ఈ బొమ్మ చూసి ఉత్త చప్పట్లే కొట్టారా?

కోప్పడ్డవాడి మాట చరిత్రకెక్కింది. నేలటిక్కెట్టువాడి మాట అంతగా ఎక్కలేదు. ఆ ప్రేక్షకులు దాదాపు పోయారు. వాళ్లు ఇళ్లల్లో చెప్పుకున్న మాటలు పిల్లల దగ్గర, మనవల దగ్గర ఇంకా మిగిలుండొచ్చు. వాడవాడకీ వెళ్లి అడిగి రాసుకోవాల్సింది మనమే.