లైఫ్ జాకెట్: సంరక్షణ, భద్రపరచు విధానం

ఈశాన్య రుతుపవనాల కాలం మన సరిహద్దు గ్రామాలకు పరీక్షా సమయం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వర్షాలకు ఎగువన కృష్ణాపురం జలాశయం నిండి గేట్లు ఎత్తినప్పుడు కుశస్థలి నది పళ్ళిపట్టు ప్రాంతంలోని నేలవంతెనలను ముంచివేస్తుంది. తమిళంలో ఈ నదినే కొసస్తలై అంటారు. పిచ్చాటూరు నుండి నీరు వదలినప్పుడు ఆరణి నది ఊత్తుకోట వద్ద దారిని మూసివేస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది గాని నదులు తమ దారి మార్చుకోలేదు. అందుచేత నీటిలో మనిషిని తేలియాడించే సాధనాన్ని గురించి మన కుటుంబాలు తెలుసుకొనడం అవసరం.

2011 డిసెంబరు 25న పళవేర్కాడు సరస్సులో, అనగా మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్‌లో, విహారానికి వెళ్ళినవారి పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగినప్పుడు బ్రతికి బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్ ధరించినవారే. అయితే జాకెట్ ఉండడం వేరు, అది పనిచేసే స్థితిలో ఉండడం వేరు. నేనెరిగిన ఒక గ్రామంలో వరద తరువాత అందిన జాకెట్లను తడి ఆరకుండానే గోనె సంచిలో కుక్కి, ఎరువుల మూటల క్రింద ఉంచారు. మరుసటి సంవత్సరం తీసి చూడగా సగం ఎలుకల పాలు, మిగిలినవి బూజు పట్టి అప్పడాల వలె పలుచబడి ఉన్నాయి. ఆ ఏడు వరద రాకపోవడం వారి అదృష్టం.

జాకెట్ లోపల ఉండేది సాధారణంగా పాలిథిలిన్ నురుగు పలక. దానిలోని సూక్ష్మమైన గాలి గదులే మనిషిని తేలుస్తాయి. పూర్వం ఈ పనికి బూరుగు దూదిని వాడేవారు. తమిళంలో ఇలవం పంజు అనేది ఇదే. దాని పోగులు బోలుగా ఉండి, పైన మైనపు పూత వంటిది కలిగి ఉండడం వలన నీటిని త్వరగా పీల్చవు. కాని దానిని ఉంచిన ప్లాస్టిక్ సంచి చిరిగితే దూది క్రమంగా తడిసి బరువెక్కుతుంది. నురుగు పలకకు ఆ భయం లేదు గాని దానికి మరొక శత్రువు ఉంది. అది బరువు. జాకెట్‌ను పడవలో పీటగా వేసుకొని కూర్చోవడం, తలగడగా వాడడం మన వద్ద సర్వసాధారణం. అలా నలిగిన గాలి గదులు మరల పూర్వస్థితికి రావు. పైకి జాకెట్ క్రొత్తదిగానే కనబడుతుంది, తేల్చే శక్తి మాత్రం తరిగిపోతుంది.

వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి. పళవేర్కాడు నీటిలో ఉప్పు, నదుల వరదనీటిలో సన్నని ఒండ్రు ఉంటాయి. రెండూ కుట్లలోను, జిప్పు పళ్ళలోను, బకిల్ లోపలను చేరి వాటిని బిగుసుకొనేటట్లు చేస్తాయి. మురికి ఎక్కువగా ఉంటే కుంకుడు రసమో, మెత్తని సబ్బో చాలు. బ్లీచింగు పొడి, కిరోసిన్, పెట్రోలు తగలనీయరాదు. బండపై బాదడం, పిండడం, వాషింగ్ మెషీన్‌లో వేయడం, ఇస్త్రీ చేయడం కూడదు.

ఆరవేయడంలో మన అలవాటే మనకు అడ్డు. ఏదైనా మిద్దెపై ఎండకు వేయడం మన పద్ధతి. మన ఎండలు నైలాన్ బట్టను, పట్టీలను, కుట్టుదారాన్ని చివికిపోయేటట్లు చేస్తాయి. రంగు వెలసిన పట్టీ గట్టిగా లాగితే తెగే అవకాశం ఉంది. కనుక గాలి ఆడే వసారాలో, నీడలో, దండెంపై జిప్పు తెరచి వేలాడదీయాలి. పైబట్ట ఆరినా లోపల తడి నిలుస్తుంది. ముసురు రోజులలో రెండు మూడు రోజులైనా ఓపిక పట్టవలసిందే. పొయ్యి దగ్గర పెట్టి త్వరపెట్టరాదు. వేడికి నురుగు కుంచించుకుపోతుంది.

పూర్తిగా ఆరిన తరువాత వెడల్పైన హ్యాంగరుకు తగిలించి, ఎలుకలు ఎక్కలేని చోట దూలానికి వ్రేలాడదీయడం ఉత్తమం. ట్రంకుపెట్టె, అటక మంచివి కావు. పెట్టెలో గాలి ఆడదు, రేకుల క్రింద అటక వేసవిలో కాగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తాళం వేసిన గదిలో పెట్టి తాళం ఒక్కరి వద్దనే ఉంచకూడదు. అర్ధరాత్రి నీరు వచ్చినప్పుడు ఆ ఒక్కరు ఊరిలో ఉంటారన్న హామీ లేదు.

శక్తిని పరీక్షించుటకు చిన్న లెక్క తెలిస్తే చాలు. జాకెట్ చీటీపై న్యూటన్ అనే కొలత ఉంటుంది. సుమారు 10 న్యూటన్లు ఒక కిలో బరువును మోయు శక్తి. పెద్ద మనిషి తల నీటిపై నిలుచుటకు 3 నుండి 5 కిలోల శక్తి కావాలి. నల్లరాయి నీటిలో తన బరువులో మూడవ వంతు కంటే కొంచెం ఎక్కువ కోల్పోతుంది. కాబట్టి 8 కిలోల రాయి నీటిలో సుమారు 5 కిలోలు తూగుతుంది. ఆ రాయిని తాడుతో జాకెట్‌కు కట్టి లోతైన తొట్టిలో ఒక గంట ఉంచండి. మునిగితే పెద్దలకు అది పనికిరాదు. 100 న్యూటన్ల జాకెట్ అయితే 12 కిలోల రాయిని సైతం సులభంగా మోయాలి. ఏటా సెప్టెంబరులో ఈ పరీక్ష చేయడం మంచిది. పట్టీ తెగినా, బకిల్ విరిగినా ఇంటి దారంతో కుట్టి సరిపెట్టరాదు.

పిల్లలకు పెద్దల జాకెట్ తొడిగితే నీటిలో అది పైకి జారి బిడ్డ క్రిందికి జారిపోతుంది. బిడ్డ బరువునకు తగినది, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది ఎంచుకోవాలి.

చలిదేశాలలో పడవ నడిపేవారు డ్రై సూట్ అనే దుస్తును ధరిస్తారు. మెడ, మణికట్ల వద్ద పలుచని రబ్బరు పట్టీలుండి, నీటిని లోపలికి రానీయదు. చలి నుండి కాపాడుటే దాని పని గనుక, దానిపైన కూడా లైఫ్ జాకెట్ వేసుకొనవలసిందే. మన వెచ్చని నీటికి దాని అవసరం లేదు. అయితే దాని రబ్బరుకు చెప్పే జాగ్రత్తలు మన ఇండ్లలోని రబ్బరు బూట్లకూ వర్తిస్తాయి: నూనె, పెట్రోలు తగలనీయకుండా కడిగి, లోపలివైపు కూడా ఆరనిచ్చి, కొంచెం టాల్కం పొడి చల్లి, మడతలు పడకుండా చీకటి గదిలో ఉంచాలి. అంటుకొనిపోయిన రబ్బరును లాగి విడదీస్తే చిరుగుతుంది.