డీఎన్‌ఎస్ సర్వర్లలో సాకెట్ పరిమితి

వెబ్‌సైటు పేరు చెబితే దాని ఐపీ చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్ రిజాల్వర్ ఒకేసారి ఎన్ని సాకెట్లు (నెట్‌వర్క్ రాకపోకలకు వాడే ద్వారాలు) తెరిచి ఉంచగలదో చెప్పే సంఖ్య సాకెట్ పరిమితి. లినక్స్ సాకెట్‌నూ ఫైలుగానే లెక్కిస్తుంది. ఒక ప్రాసెస్‌కు మామూలుగా దక్కేవి 1024. అవి అయిపోతే బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ లాగ్‌లో ‘టూ మెనీ ఓపెన్ ఫైల్ డిస్క్రిప్టర్స్’ అని పడుతుంది.

2008కి ముందు ఈ తలనొప్పి తక్కువ. చాలా సర్వర్లు బయటి ప్రశ్నలన్నిటినీ ఒకే పోర్టు నుంచి పంపేవి. ప్రశ్న గుర్తింపు సంఖ్యకు ఉన్న 65,536 అవకాశాలు ఏమాత్రం చాలవనీ, దొంగ జవాబులతో క్యాష్‌ను చెడగొట్టడం సులువనీ భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ ఆ ఏడాది తేల్చాడు. జులై 8న వచ్చిన ప్యాచ్‌లతో ప్రశ్నకో పోర్టు, పోర్టుకో సాకెట్ అవసరమయ్యాయి. (డాన్ బెర్న్‌స్టీన్ రాసిన డీజేబీడీఎన్‌ఎస్ ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది, పట్టించుకున్నవాళ్లు తక్కువ.) సాకెట్లను గమనించడానికి నాటి బైండ్ వాడే ‘సెలెక్ట్’ కాల్ 1024 దాటి చూడలేదు కనుక, ప్రాసెస్ పరిమితిని మార్చే యులిమిట్‌తో దాన్ని పెంచినా దండగే అయింది. ఆగస్టులో మరో ప్యాచ్ వచ్చాక గాని రద్దీ సర్వర్లు తెరిపిన పడలేదు. తర్వాతి కాలంలో ‘సెలెక్ట్’ బదులు వాడిన ‘ఈపోల్’ ఆ అడ్డు తీసేసింది.

పరిమితి నిండడానికి వాడకందార్లు పెరగనక్కర్లేదు. తార్నాకకూ అంబర్‌పేట్‌కూ నడుమ విస్తరించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమంత క్యాంపస్‌కు ఒకే రిజాల్వర్ ఉందనుకుందాం. క్యాష్‌లో దొరకని ప్రశ్నలు సెకనుకు 500 బయటికి వెళ్తుంటే, జవాబు 40 మిల్లీసెకన్లలో వచ్చినంతసేపూ తెరిచి ఉండేవి 20 సాకెట్లే. బయటి లింకు తెగి ఒక్కోటి 3 సెకన్లు కాచుకుంటే అవే 1,500. హాస్టల్లో ఒక్క ఫోనూ అదనంగా చేరలేదు!

అందుకే ముందు చూడాల్సింది జవాబు ఆలస్యాన్ని, ఆ తర్వాతే పరిమితిని. షెల్‌లో యులిమిట్ చూపే అంకెను నమ్మడం తరచూ జరిగే పొరపాటు. సిస్టమ్‌డీ నడిపే సర్వర్‌కు వర్తించేది ‘లిమిట్‌నోఫైల్’ విలువ. అసలు సంఖ్య ‘ప్రాక్’ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ కింద ఉంటుంది. బైండ్‌లో జవాబు కోసం వేచి ఉన్న రికర్సివ్ క్లయింట్లకు వేరే హద్దు ఉంది, మామూలుగా 1000. దాన్ని వదిలేసి సాకెట్లు మాత్రమే పెంచితే ప్రశ్నలు అక్కడ రాలిపోతాయి. అన్నీ సరిగ్గా ఉన్నా జవాబులు రాకపోతే ఫైర్‌వాల్ కనెక్షన్ పట్టిక చూడాలి. ప్రతి కొత్త పోర్టూ అందులో ఒక వరుసను ఆక్రమిస్తుంది.