మీటరు రీడింగు కంప్యూటరెక్కిన కథ

1950ల తొలి సగంలో కాలిఫోర్నియాలో ఆండ్రూ కే అనే ఇంజినీరు తయారుచేసిన వోల్టుమీటరులో ముల్లు లేదు. వోల్టేజీ నేరుగా అంకెల్లో కనిపించేది. ఆయన కంపెనీ నాన్-లీనియర్ సిస్టమ్స్ అమ్మిన ఆ పెట్టెతోనే డిజిటల్ మీటర్ల వంశం మొదలైంది. ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పడానికి మనిషి కన్ను కావాలి. అంకెను మాత్రం ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పంపవచ్చు. అదే కంపెనీ 1982లో కేప్రో కంప్యూటర్లతో ఇంకా పెద్ద పేరు తెచ్చుకుంది.

మీటరును కంప్యూటరుకు కలిపే పని ముందుగా ప్రయోగశాలల్లో జరిగింది. 1960ల చివర్లో హ్యూలెట్-ప్యాకర్డ్ తన పరికరాల కోసం ఒక ఉమ్మడి తీగల దారి రూపొందించింది. 1975లో అది ఐఈఈఈ 488 అనే ప్రమాణమైంది. ఒకే దారి మీద 15 పరికరాల దాకా మాట్లాడుకోవచ్చు. అయితే 24 పిన్నుల ఆ లావుపాటి కేబులు బల్ల మీద కదలకుండా కూర్చునే మీటర్లకే సరిపోయింది.

చేతిలో ఇమిడే మీటరు దారి వేరు. 1977లో ఫ్లూక్ 8020ఎ వచ్చింది. కొలతను అంకెగా మార్చి ఎల్‌సీడీ మీద చూపే పనంతా ఒక్క చిప్పే చేసుకునే రోజులు కూడా అప్పుడే మొదలయ్యాయి. చిన్న బ్యాటరీతో నడిచే ఆ మీటరును స్తంభం దగ్గరికైనా, మోటారు షెడ్డుకైనా తీసుకుపోవచ్చు. కానీ ఒక బ్యాటరీ రాత్రంతా ఎలా దిగజారిందో తెలియాలంటే, ఎవరో ఒకరు పక్కన కూర్చుని గడియారం చూస్తూ కాగితం మీద రాసుకోవాల్సిందే.

మరి ఒక వైరు లాగి కంప్యూటరుకు తగిలిస్తే పోదా? ఈ చరిత్రలో అసలు చిక్కు అక్కడే ఉంది. మీటరు ప్రోబులు 230 వోల్టుల కరెంటు మీదో, అంతకన్నా ఎక్కువ వోల్టేజీ మీదో ఉండవచ్చు. డెస్క్‌టాప్ కంప్యూటరు సీరియల్ పోర్టు గ్రౌండు, మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా భూమికి కలిసి ఉంటుంది. రెంటినీ నేరుగా కలిపితే మీటరు నల్ల ప్రోబు కూడా ఎర్త్ అయిపోతుంది. ఆ ప్రోబు ఫేజు మీద పడితే షార్టు సర్క్యూట్. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో కంప్యూటరు బాడీకే కరెంటు వస్తుంది. బ్యాటరీతో నడవడం వల్ల మీటరుకు దక్కిన రక్షణంతా ఆ ఒక్క వైరుతో పోతుందన్నమాట.

పరిష్కారం వెలుతురు. మీటరు లోపలి ఎల్‌ఈడీ వెలిగి ఆరుతూ అంకెలను పంపుతుంది. అవతల వెలుతురును పసిగట్టే ట్రాన్సిస్టరు వాటిని అందుకుంటుంది. మధ్యలో లోహపు కలయిక ఉండదు. కొన్ని మీటర్లలో ఈ జంట లోపలే ఉంటుంది. మరికొన్నింటిలో ప్లాస్టిక్కు వెనుక ఇన్‌ఫ్రారెడ్ కిటికీ ఉండి, కేబులు తల దాని మీద బిగుసుకుంటుంది. ఇంత చవకైన ఉపాయం ఇంత గట్టి రక్షణనివ్వడం మెచ్చుకోదగ్గ సంగతి.

కొరియా మెటెక్స్ మీటర్లు ఈ సౌకర్యాన్ని సామాన్య ఔత్సాహికుల చేతికి తెచ్చాయి. కంప్యూటరు ‘డి’ అనే అక్షరం పంపితే, మీటరు సెకనుకు 1200 బిట్ల వేగంతో 14 అక్షరాల జవాబిచ్చేది: డీసీనా ఏసీనా, అంకె, ప్రమాణం. ఇలాంటి కేబుళ్లలో ఇంకో తెలివి ఉంది. కంప్యూటరు వైపు భాగానికి కావలసిన కాస్త విద్యుత్తును సీరియల్ పోర్టులోని రెండు సంకేత తీగల నుంచే తీసుకునేవారు. ప్రోగ్రాము ఆ తీగలను సరైన స్థితిలో పెట్టకపోతే మీటరు మూగబోయేది. లోపం ఎక్కడుందో తెలియక ఎందరో కేబుళ్లు మార్చి చూశారు.

ఆ తర్వాత తైవాన్ చిప్పు ఎఫ్‌ఎస్9721 మరో విచిత్రం చేసింది. వోల్టుక్రాఫ్ట్ వీసీ-820 లాంటి మీటర్లలో ఉన్న ఈ చిప్పు విలువను పంపదు, తెర బొమ్మను పంపుతుంది. ప్రతి అంకెలోని ఏడు గీతల్లో ఏవి వెలిగాయో 14 బైట్లలో చెబుతుంది. ప్రతి బైటులో సగం దాని వరుస సంఖ్య, మిగతా సగం నాలుగు గీతల స్థితి. ఫలానా మూడు గీతలు వెలిగితే అది 7 అని పోల్చుకోవడం ప్రోగ్రాము పని. వరుస సంఖ్య ఉంది కాబట్టి మధ్యలో ఏ ముక్క జారిపోయినా దొరికిపోతుంది.

1996లో వచ్చిన యూఎస్‌బీ మెల్లగా సీరియల్ పోర్టును ల్యాప్‌టాప్‌ల నుంచి తరిమేసింది. యూని-టి కంపెనీ కేబులు కంప్యూటరుకు కీబోర్డు, మౌసుల తరగతి పరికరంగా పరిచయం చేసుకునేది. వేరే డ్రైవరు అక్కర్లేదు గానీ, సీరియల్ పోర్టును వెతికే పాత ప్రోగ్రాములకు అది కనిపించేది కాదు. కంపెనీలిచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌కే పరిమితం. ఆ లోటును ఔత్సాహికులే తీర్చారు. 2010 ప్రాంతంలో మొదలైన సిగ్రాక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, మీటర్ల భాషలను ఒక్కొక్కటిగా విప్పి అందరికీ అందుబాటులో పెట్టింది. 1200 బిట్ల మెటెక్స్ భాష కూడా అందులో ఉంది. కంపెనీ వదిలేసిన మీటరుకు ఇలా మళ్లీ ప్రాణం పోయడం ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం.

ఇప్పుడు ఓవన్ బీ35టీ వంటి మీటర్లు బ్లూటూత్‌తో ఫోనుకే గ్రాఫు గీస్తున్నాయి. వైరే లేదు కాబట్టి ఫోను వైపు విద్యుత్ భయమూ లేదు. వేగం మాత్రం పెద్దగా పెరగలేదు. ఇలాంటి మీటర్లు చాలావరకు సెకనుకు రెండు మూడు రీడింగులే ఇస్తాయి. బ్యాటరీ దిగజారడానికో, సోలారు ప్యానెలు పగటి పోకడకో అది చాలు. మోటారు స్టార్టయ్యే క్షణం పట్టుకోవాలంటే ఆసిలోస్కోపు కావాలి. రాత్రంతా రీడింగుల నమోదు (లాగింగు) పెట్టేవారు ముందుగా ఆటో పవర్-ఆఫ్ తీసేయాలి. లేకపోతే చాలా మీటర్లు అరగంటలోపే నిద్రపోతాయి.