బీటిల్ ఇంజన్: నూనె చుక్క వెనుక తారీఖ్

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నడిపినవాళ్ల మధ్య ఒక మజాక్ ఉంది. కింద నూనె కారుతోందా? ఫికర్ లేదు, లోపల ఇంకా నూనె మిగిలి ఉందన్నమాట! నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ దాన్నే నమ్మి బండిని అలాగే తిప్పితే చివరికి ఇంజనే పోతుంది. ఆ ఇంజన్ ఎందుకు కారుతుంది, దానికి ఇలాజ్ ఏమిటి అని అడిగితే పూర్తి జవాబు పానాల డబ్బాలో దొరకదు. తారీఖ్‌లోకి పోవాలి. తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో అదే మాటకు చరిత్ర అనే అర్థం కూడా ఉంది.

1934లో హిట్లర్ హుకూమత్ కోరిక మీద ఫెర్డినాండ్ పోర్షేకు ఒక చవక కారు తయారుచేసే పని అప్పగించారు. షరతులు కష్టమైనవి. ఖీమత్ వెయ్యి మార్కులు దాటకూడదు. కుటుంబం మొత్తం పట్టాలి. గంటకు 100 కిలోమీటర్లు పోవాలి. ఇంజన్ నీళ్లతో కాదు, గాలితో చల్లబడాలి. ఈ చివరి షరతు వెనుక గరీబు ఇంటి లెక్క ఉంది. మజ్దూర్ ఇంటికి గ్యారేజీ ఎక్కడిది? జర్మనీ చలిలో రాత్రంతా బయట నిలబెట్టిన కారులో నీళ్లు గడ్డకడితే ఇంజనే పగులుతుంది. నీళ్లే లేకపోతే ఆ ముసీబత్ లేదు. పోర్షే దఫ్తర్‌లో ఫ్రాంజ్ రైమ్‌ష్‌పీస్ అనే ఇంజనీరు ఇందుకోసం నాలుగు సిలిండర్ల ఇంజన్ గీశాడు. రెండు ఇటు, రెండు అటు, నాలుగూ నేలకు సమంగా పడుకుని ఉంటాయి.

వాదా గొప్పగా చేశారు. వారానికి 5 మార్కుల స్టాంపు కొని కార్డు మీద అతికిస్తూ పోతే కారు మీదే అన్నారు. మూడు లక్షలకు పైగా జనం కట్టారు. యుద్ధం వచ్చింది. ఆ స్కీములో కట్టినవాళ్లలో ఒక్కరికీ కారు అందలేదు. ఫ్యాక్టరీలో ఫౌజు బళ్లు తయారయ్యాయి. పోలండ్ నుంచి, సోవియట్ యూనియన్ నుంచి, ఇంకా ఎన్నో చోట్ల నుంచి పట్టుకొచ్చిన మనుషులతో జబర్దస్తీగా పని చేయించారు. 1945లో బ్రిటిష్ ఫౌజు తరఫున మేజర్ ఐవన్ హర్స్ట్ వచ్చి శిథిలమైన ఆ ఫ్యాక్టరీని లేపి నిలబెట్టాడు. గరీబుల పేరు చెప్పి మొదలైన కారు నిజంగా సాదాసీదా జనం చేతికి వచ్చింది ఆ తర్వాతే.

ఇప్పుడు నూనె సంగతికి వద్దాం. నీళ్లు తీసేస్తే ఇంజన్ వేడి ఎక్కడికి పోవాలి? కొంత ఫ్యాన్ గాలి తీసుకుపోతుంది. మిగిలిన బరువు నూనె మోయాలి. లోపల తిరిగే నూనె వేడిని పట్టుకుని ఆయిల్ కూలర్‌లోకి పోయి, గాలికి చల్లబడి మళ్లీ వస్తుంది. అంటే ఈ ఇంజన్‌లో నూనెకు రెండు నౌకరీలు. ఒకటి రాపిడి తగ్గించడం, రెండోది నీళ్లు చేయాల్సిన పని చేయడం. అయినా ఇందులో పట్టే నూనె రెండున్నర లీటర్లే. అర లీటరు కారిపోతే అయిదో వంతు పోయినట్టే. మజాక్ ఇక్కడే ఖతం.

కారడానికి కారణం కూడా ఆ డిజైన్‌లోనే ఉంది. క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమంతో పోసిన రెండు ముక్కలు. వాటి మధ్య ప్యాకింగ్ ఉండదు, పల్చటి సీలెంట్ పూత మాత్రమే. సిలిండర్లు ఇనుము, హెడ్లు అల్యూమినియం. వేడెక్కితే ఒక్కో లోహం ఒక్కో తీరుగా సాగుతుంది. క్రాంక్‌కేసు నుంచి హెడ్ల దాకా ఎనిమిది సన్నటి గొట్టాలు పోతాయి. వీటిని పుష్‌రాడ్ ట్యూబులంటారు. పైనుంచి నూనె వీటి గుండానే వెనక్కి దిగుతుంది. ఒక్కో గొట్టానికి రెండు చివర్లా రబ్బరు సీళ్లు. మొత్తం పదహారు. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు రాయిలా గట్టిపడితే పదహారు చోట్లా కారే అవకాశం ఉన్నట్టే.

అందుకే మంచి ఉస్తాద్ ముందు పానా పట్టడు. హకీమ్ నబ్జ్ చూసినట్టు చూస్తాడు. ఇంజన్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కొంత దూరం నడిపి, అప్పుడు కింద దూరి చూస్తాడు. నూనె కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడిన చోటు కాదు, తడి మొదలైన అన్నిటికన్నా ఎత్తైన చోటు చూడాలి. ఫ్లైవీల్ వైపు నూనె కనిపిస్తే చాలామంది మెయిన్ సీలు మీద ఇల్జామ్ వేస్తారు. ఇంజన్ దించి సీలు మారుస్తారు. మర్నాడు మళ్లీ అదే మరక. అసలు ముజ్రిం పైన ఆయిల్ కూలర్ కింద ఉన్న రెండు చిన్న సీళ్లు కావచ్చు. ఆ రంధ్రాల సైజు తర్వాతి మోడళ్లలో మారింది కూడా. సరిపోని సీలు వేస్తే కారడం ఆగదు. లేదా అది గేర్‌బాక్స్ నూనె కావచ్చు. అది చిక్కగా ఉంటుంది, గంధకం వాసన వేస్తుంది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫరక్ తెలుస్తుంది.

టప్పెట్ కవర్ దగ్గర కారితే ఇలాజ్ ఆసాన్. స్ప్రింగు క్లిప్పు కిందికి లాగి, పాత కార్క్ ప్యాకింగ్ గీకేసి, కొత్తది పెట్టడమే. కానీ వదిలేయడానికి లేదు. ఆ నూనె వేడి సైలెన్సర్ గొట్టాల మీద పడి కాలుతుంది. ఈ కారు హీటర్ గాలి ఆ గొట్టాల చుట్టూ తిరిగే లోపలికి వస్తుంది, పొగ సీట్లో కూర్చున్నవాళ్లకు చేరుతుంది. అడుగున జాలీ ప్లేటుకు ఆరు చిన్న నట్లు. కారుతోందని జోర్‌గా బిగిస్తే పల్చటి ప్లేటు వంగి ఇంకా కారుతుంది, స్టడ్డు మరలు కూడా పోతాయి. ట్యూబు సీళ్లకైతే ఇంజన్ దించి, హెడ్లు విప్పి, కొత్త ట్యూబుల ముడతల చివర్లను కాస్త సాగదీసి, అతుకు పైకి ఉండేలా కూర్చోబెట్టాలి. సబర్ లేనివాళ్లు చేసే పని కాదు.

ఒక్క చోటు మాత్రం వేరు. వెనక పుల్లీ దగ్గర రబ్బరు సీలే లేదు. పుల్లీ మెడ మీద కోసిన మర గాడి, తిరుగుతూ నూనెను లోపలికి నెడుతుంది. అంతే బందోబస్తు. అక్కడ ధారగా కారుతుంటే తప్పు పుల్లీది కాకపోవచ్చు. పిస్టన్ రింగులు అరిగి లోపల గ్యాస్ ఒత్తిడి పెరిగిందేమో, బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి. మర్జ్ ఒక చోట, మరక ఇంకో చోట.

ఈ ఇల్మ్ మొదట ఉస్తాద్‌ల దగ్గర, కంపెనీ వర్క్‌షాపుల దగ్గరే ఉండేది. 1969లో అమెరికాలో జాన్ మ్యూర్ అనే ఇంజనీరు, పానా పట్టడం రానివాళ్ల కోసం బీటిల్ మరమ్మతు కితాబు ఒకటి రాశాడు. పీటర్ అష్వాండెన్ బొమ్మలు వేశాడు. చేతిలో పైసలు లేని యువకులు ఆ కితాబు పక్కన పెట్టుకుని ఇంజన్లు దించారు, ఎక్కించారు.

2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీలో చివరి బీటిల్ బయటికి వచ్చింది. అప్పటికి మొత్తం 2,15,29,464 తయారయ్యాయి. ఈ కారు పుట్టుక ఖిస్సాలో హాకిముల పేర్లు, కంపెనీల పేర్లు వినిపిస్తాయి. కానీ దాన్ని ఇన్నేళ్లు రోడ్డు మీద నిలబెట్టింది వేరేవాళ్లు. మెక్సికో సిటీ టాక్సీ కింద వెల్లకిలా పడుకుని, మరక ఎక్కడ మొదలైందో వేలితో తడుముతూ వెతికినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ తారీఖ్‌లోనూ ఉండవు. హుకూమత్ తప్పిన వాదాను కొంతైనా నిలబెట్టింది మాత్రం వాళ్ల చేతులే.