డాష్‌బోర్డులో రేడియో గూడు: స్టీరియో మారిస్తే కెమెరా ఎందుకు పోయింది?

ఎపిసోడ్ విన్నాక ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, స్టీరియో మార్చడంలో చరిత్రేముంది? పాతది పీకు, కొత్తది పెట్టు, అంతే కదా" అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నవాణ్ణే. మైకు ముందు టైం చాలక సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా. ముందు మా సైట్‌లో జరిగింది చెప్తా, తర్వాత 1930 దాకా వెనక్కి వెళ్దాం.

మా పని కువైట్‌లో ముత్లా వైపు. ఇసుకలో కొత్తగా లేస్తున్న ఊరు. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండదు, ఇవాళ వేసిన రోడ్డు మ్యాప్‌లో ఉండదు. మెటీరియల్ తెచ్చే హైలక్స్ బండి నడిపేది కడప తమ్ముడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఒక కన్ను దాని మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి నడుపుతుంటే నాకు గుండె దడ. కంపెనీ వాళ్ళతో మాట్లాడి, మ్యాప్ వచ్చే పెద్ద స్క్రీన్ పెట్టిద్దామన్నది నేనే. షువైఖ్‌లో ఒక షాపు వాళ్ళు గంటన్నరలో బిగించి పంపారు. పాట వస్తోంది, మ్యాప్ మాట్లాడుతోంది. కానీ రివర్స్ గేరు వేస్తే స్క్రీన్ నల్లగా. స్టీరింగ్ మీద బటన్లు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. "కంపెనీ కెమెరా దీనికి పనిచేయదు, వేరేది పెట్టాలి, ఇంకో 12 దినార్లు" అన్నారట. జీతాలు పడ్డాక చూద్దాంలే అన్నాను. ఆ మాట అన్నది కూడా నేనే.

నాలుగో రోజు బండి వెనక్కి తీస్తుంటే మా నరసాపురం కుర్రోడు జిప్సం బోర్డు అడ్డంగా మోసుకుంటూ వెనకాల నుంచి వెళ్తున్నాడు. బోర్డు చాటున వాడికి బండి కనపళ్ళేదు, డ్రైవరుకి వాడు కనపళ్ళేదు. బంపరు తగిలి పడ్డాడు. చీలమండ విరిగింది, ఆరు వారాలు కట్టు. బండి వెనక ఒక మనిషిని నిలబెట్టి చెయ్యి ఊపించాలన్నది సైట్ రూలు. ఆ రోజు నిలబెట్టలేదు. అది నా తప్పు, కెమెరా మీదకు నెట్టను. కానీ రెండేళ్ళు స్క్రీన్ చూసి రివర్స్ తీయడం అలవాటైన డ్రైవరు కళ్ళు ఆ రోజు కూడా ముందు స్క్రీన్ మీదకే పోయాయి.

ఇప్పుడు అసలు కథ. పాటలు పాడే పెట్టె మారిస్తే బండికి చూపెందుకు పోయింది?

మొదట్లో ఆ రెండింటికీ సంబంధమే లేదు. అసలు కారుతో పాటు రేడియో వచ్చేదే కాదు. 1930లో షికాగోకు చెందిన పాల్ గాల్విన్ తన కార్లో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభకు వెళ్ళాడు. లోపల స్టాలు పెట్టుకోవడానికి డబ్బుల్లేవు. బయట కారు ఆపి, సౌండ్ పెంచి, వచ్చేపోయేవాళ్ళకు వినిపించి ఆర్డర్లు పట్టాడు. ఆ రేడియోకి మోటొరోలా అని పేరు పెట్టాడు, తర్వాత కంపెనీ పేరే అదైపోయింది. ధర 110 డాలర్ల పైన. అప్పుడు ఫోర్డ్ మోడల్ ఏ కారే 500 డాలర్ల చుట్టుపక్కల ఉండేది. అంటే కారు ఖర్చులో ఐదో వంతు పాటకే.

బిగించడం కూడా చిన్న పని కాదు. టాపు లోపలి గుడ్డ విప్పి ఏరియల్ తీగ పరవాలి. వాల్వులకు ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి వేరే బ్యాటరీలు కాళ్ళ కింద చెక్కల అడుగున దాచాలి. ఇంజను స్పార్కు గరగరలు వినపడకుండా ప్లగ్గులకు సప్రెసర్లు తగిలించాలి. ఒక బ్యాంకు పెద్దమనిషి కారుకి బిగిస్తే అరగంటలో అంటుకుందని ఒక కథ కూడా చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గానీ, వైరింగ్ చేసినవాళ్ళెవరూ నవ్వి ఊరుకోరు.

జర్మనీలో 1932లో బ్లౌపుంక్ట్ రేడియో వచ్చింది. అది డాష్‌బోర్డులో పట్టేది కాదు. పెట్టె ఎక్కడో ఉండేది, తిప్పే బటన్లు మాత్రం స్టీరింగ్ కాడ మీద. స్టీరింగ్ మీద రేడియో బటన్లంటే మనం నిన్న మొన్నటి సోకు అనుకుంటాం. తొంభై ఏళ్ళ నాటి సంగతి అది.

తర్వాత 1968లో ఫిలిప్స్ కారు క్యాసెట్, 1984లో పయనీర్ కారు సీడీ వచ్చాయి. పనిచేసేవాళ్ళకు వీటికన్నా పెద్ద మేలు చేసింది మాత్రం ఒక కొలత. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. జర్మన్ల డిన్ కొలత అది, 1984లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాన్నే మనం సింగిల్ డిన్ అంటాం, ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. ఏ కంపెనీ కారైనా, ఏ కంపెనీ స్టీరియో అయినా, గూడు ఒకటే. వైర్ల రంగులకూ ఒక వాడుక కుదిరింది. పసుపు ఎప్పుడూ కరెంటుండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, స్పీకర్లకు తెలుపు, బూడిద, పచ్చ, ఊదా జతలు.

నేను ఐటీఐ అయ్యాక కొన్నాళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో పనిచేశాను. మారుతి 800కి రేడియో గూడు ఖాళీగా, ప్లాస్టిక్ మూతతో వచ్చేది. మూత పీకి, ఆరేడు వైర్లు కలిపి టేపు చుట్టి, టీ తాగేలోపు పాట వినిపించేవాళ్ళం. ఆ బండిలో రేడియో తీసేస్తే పోయేది ఒక్క రేడియోనే. నా చేతులు నేర్చుకున్నది ఆ బండి మీద. షువైఖ్ షాపులో ఆ కుర్రాళ్ళ చేతులూ అలాంటి బండి మీదే నేర్చుకుని ఉంటాయి. అందుకే వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మరి ఆ గూట్లోకి వేరే పనులు ఎప్పుడు చేరాయి? మొదట వచ్చింది దారి చూపే మిషనే. 1981లో హోండా జపాన్‌లో ఎలక్ట్రో గైరోకేటర్ అని తెచ్చింది. దానికి శాటిలైట్ లేదు. హీలియం గ్యాసుతో నడిచే గైరో బండి ఎటు తిరిగిందో చెప్తుంది, చక్రం ఎంత దూరం తిరిగిందో లెక్క తీస్తుంది, పల్చటి మ్యాపు ఫిల్మ్ మీద చుక్క కదులుతుంది. 1985లో అమెరికాలో ఈటాక్ వచ్చింది, మ్యాపులు క్యాసెట్ల మీద. 1990లో మాజ్దా వాళ్ళ యూనోస్ కాస్మో కారు, అదే ఏడాది విడిగా కొని పెట్టుకునే పయనీర్ మిషను, రెండూ జీపీఎస్‌తో వచ్చాయి. అప్పటికి అమెరికా సైన్యం మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ని కావాలని చెడగొట్టేది, వంద మీటర్ల దాకా తేడా. 2000 మే నెల మొదట్లో దాన్ని ఆపేశారు. పక్క వీధిలో తిరుగుతున్న చుక్క మన వీధిలోకి వచ్చింది.

ఇక్కడే గూటికి కొత్త వైర్లు వచ్చాయి. టన్నెల్లో శాటిలైట్ అందదు, అప్పుడు చక్రం వేగం తెలియాలి. అందుకే నావిగేషన్ స్టీరియోకి స్పీడ్ పల్సు వైరు కావాలి. చుక్క వెనక్కి పోతోందని తెలియడానికి రివర్స్ వైరు కావాలి. నడుస్తుండగా వీడియో ఆడకుండా హ్యాండ్‌బ్రేక్ వైరు కావాలి. పాటల పెట్టె మొదటిసారి బండిని "ఏం చేస్తున్నావ్" అని అడిగింది.

ఆ తర్వాత బండే మారిపోయింది. బాష్ కంపెనీ 1983లో మొదలుపెట్టి 1986లో డెట్రాయిట్‌లో బయటపెట్టిన క్యాన్ బస్, 1990ల మొదట్లో బెంజ్ ఎస్ క్లాసులో కెక్కింది. పని పనికీ ఒక వైరు లాగే బదులు, మెలేసిన రెండు వైర్ల మీద అన్ని పెట్టెలూ మాట్లాడుకుంటాయి. మన సైట్‌లో ఒకే వాకీటాకీ ఛానెల్ మీద అందరూ మాట్లాడినట్టే. రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ తీసి ఆ రెండు వైర్ల మధ్య మీటరు పెడితే 60 దగ్గర చూపాలి. దాన్ని మామూలు వైరనుకుని కోసి కరెంటు లాగితే పాట సంగతి అటుంచండి, బండి స్టార్ట్ అవ్వకపోవచ్చు. 2001 బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో ఇంకో అడుగు వేసి, పాటల పెట్టెలన్నిటినీ కాంతిని మోసే ప్లాస్టిక్ తీగతో గొలుసులా కలిపారు. గొలుసులో ఒకటి పీకితే అన్నీ మూగబోతాయి. 2000ల్లో వచ్చిన కొన్ని జీఎమ్ బండ్లలో తలుపు తెరిచుందని, బెల్టు పెట్టుకోలేదని మోగే గంట కూడా రేడియో నుంచే మోగేది. రేడియో తీస్తే గంట పోయేది.

కెమెరా చివరికి వచ్చింది. అమెరికాలో రెండేళ్ళ పిల్లాడు సొంత తండ్రి రివర్స్ తీస్తున్న బండి కింద పడి పోయిన తర్వాత 2008లో చట్టం చేశారు. 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. ఆ కెమెరా బొమ్మ వచ్చేది ఎక్కడికి? పాటల గూట్లో ఉన్న స్క్రీన్‌కే.

మా హైలక్స్‌ని ఒక శుక్రవారం నేనే విప్పాను. తీసేసిన పాత స్టీరియో సైట్ ఆఫీసులోనే ఉంది కాబట్టి ముందు దాన్నే మళ్ళీ తగిలించి, కెమెరాకి వెళ్ళే వైరు మీద మీటరు పెట్టాను. 6 వోల్టులు. టొయోటా ఫ్యాక్టరీ కెమెరాలు చాలావాటికి పాత స్టీరియోనే 6 వోల్టులు ఇస్తుంది. షాపువాళ్ళు రివర్స్ లైటు నుంచి నేరుగా 12 ఇచ్చేశారు. కెమెరా కాలిపోయింది. స్టీరింగ్ బటన్ల వైరు టేపు చుట్టి వెనక పడేశారు. అదొక్కటే వైరు, ఒక్కో బటన్‌కి ఒక్కో రెసిస్టర్. కొత్త స్టీరియోలో కీ వన్ అని రాసి ఉన్న వైరుకి దాన్ని కలిపి, సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్ నొక్కి నేర్పిస్తే చాలు. అది పది నిమిషాల పని. స్క్రాపు యార్డులో అదే మోడల్ కెమెరా దొరికింది. 12ని 6కి దించే అడాప్టర్ హార్నెస్ కొన్నాం. ఒరిజినల్ ప్లగ్గు కోసేశారు కాబట్టి దానికి మరో ప్లగ్గు. మొత్తం లెక్కేస్తే ఆ 12 దినార్లకు రెట్టింపు దాటింది, సగం నా జేబులోంచే. కెమెరా పోయింది నీవల్లేనని కంపెనీ డ్రైవరు జీతంలో కోస్తామంది, నేను ఒప్పుకోలేదు.

మీ బండికి పెట్టించేటప్పుడు, పాతది విప్పకముందు ఫోన్‌లో వీడియో తీసుకోండి. రివర్స్ వేసి స్క్రీన్, స్టీరింగ్ మీద ప్రతి బటనూ, తలుపు తీసినప్పుడు గంట, లైటు వేస్తే స్క్రీన్ మసకబారడం, అన్నీ తీయండి. షాపులో "ప్లగ్గు కోస్తారా, మీ మోడల్ హార్నెస్ పెడతారా" అని అడగండి. కోస్తామంటే లేచి వచ్చేయండి. డబ్బులిచ్చే ముందు ఆ వీడియో పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ మళ్ళీ నొక్కి చూడండి. ఏదైనా పనిచేయకపోతే బండి తీయకండి. "తర్వాత చూద్దాంలే" అని మాత్రం నాలా అనకండి.

ఆరు వారాలయ్యాక కుర్రోడు పన్లోకి వచ్చాడు, కొంచెం కుంటుతూ. నేను బండిలో కూర్చుని రివర్స్ గేరు వేశాను. వాడు వెనకాల దూరంగా నిలబడి, "బాబాయ్, కనపడుతున్నానా?" అని అరిచాడు. స్క్రీన్‌లో రెండు చేతులూ ఊపుతూ కనపడ్డాడు. కడప తమ్ముడు పక్క సీట్లో ఉన్నాడు, ఏం మాట్లాడలేదు. అయినా బండి వెనక ఒక మనిషిని నిలబెట్టాకే గేరు వేస్తున్నాం ఇప్పుడు.